ఎడమచేయి వచ్చేదాకా

ఓతారు రేవులో మంచు కురిసే రోజుల్లో
పియానోలు శ్రుతి తప్పుతాయి.
పగలు వాటిని సరిచేసేదాన్ని.
రాత్రి, చేపల గోదాము మీది గదిలో
లేని అమ్మాయికి పాట కట్టేదాన్ని.

లేని అమ్మాయి పేరు చిగుసా.
తెర మీద బొమ్మ. పదిహేడు ముఖకవళికలు,
మూడు కోట్లు, ఒక ఎర్ర మఫ్లరు.
కథ రాసే ఉసుయి ఆమె మాటలన్నిటి చివరా
చుక్కలు పెట్టి వదిలేసేవాడు.
"నేను నిన్న..." అంటుంది.
"అది కాదు, అసలు..." అంటుంది.
గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డ పిల్ల.
కింద రెండు జవాబులుంటాయి,
ఆడేవాళ్ళు ఒకటి ఎంచుకోవాలి.
ఏది ఎంచుకున్నా మొదటి అధ్యాయంలో
ఆమె రైలెక్కి వెళ్ళిపోతుంది.

నేను కుడిచేతికి మాత్రమే రాశాను.
నిషాదం దాకా ఎక్కి
షడ్జమం గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా
వెనక్కి తిరిగిపోయే పాట.
"ఎడమచేయి ఏదీ?" అన్నాడు ఉసుయి.
"ఇంకా రాలేదు" అన్నాను.
ఎవరిదని అతను అడగలేదు.

ఇలాంటి ఆటల్లో పాటకి ముగింపుండదు.
ఆడేవాళ్ళు మీట నొక్కేదాకా
అదే గుండ్రంగా తిరుగుతుంది.
చివర వచ్చి మొదలుకి అతికే చోటు
చెవికి తగలకూడదు.
నా పనితనమంతా ఆ అతుకు దాచడంలోనే.
విడాకుల తర్వాత నాలుగేళ్ళు
నేనూ అలాగే బతికాను,
ఏ ఆదివారం ఏ సోమవారానికి అతుక్కుందో
ఎవరికీ వినపడకుండా.

రెండో అధ్యాయంలో చిగుసాకి కోపం వచ్చింది.
మూడు చుక్కల చోట మొదటిసారి ఒక్క చుక్క.
"ఆ గొడుగు నాది. ఇచ్చెయ్యి."
ఆ పేజీ పట్టుకొచ్చిన పొద్దు
చలికి ఉసుయి చెవులు కందిపోయి ఉన్నాయి.
చలికే అనుకున్నాను.
ఆ రాత్రి ఎడమచేతికి ఒకే ఒక్క స్వరం ఇచ్చాను,
తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

చివరి అధ్యాయానికి నిర్మాత వయొలిన్లు అడిగాడు.
పద్దెనిమిది. లెక్క కూడా ఆయనే చెప్పాడు.
మనసు విప్పే చోట హోరెత్తాలట.
నేను ఉన్నవి కూడా తీసేశాను.
మంచు మీద బూట్ల చప్పుడు, అంతే.
"నువ్వంటే నాకు" అంది చిగుసా.
చుక్కలు లేవు. ఖాళీ.
గొంతు ఇచ్చిన అమ్మాయి రికార్డింగులో
నిజంగానే మాట మరిచిపోయింది.
ఆ నాలుగు క్షణాలూ మేం కొయ్యలేదు.
"ఇష్టం" అన్నాక
ఎడమచేయి వచ్చింది.
రావడం రావడమే తప్పు మెట్టు మీద పడింది.
అదీ కొయ్యలేదు.
తడబడి, సర్దుకుని,
కుడిచేతి వెనకే నాలుగడుగులు నడిచి
దాన్ని షడ్జమం దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

ఆట అమ్ముడుపోయింది, మరీ అంతేం కాదు.
మంచు కరిగే వేళ ఆవొమొరి నుంచి ఒక కార్డు.
రాత్రి కాపలా చేసే మనిషట, పేరు తొకివా.
"మొదటి అధ్యాయం చివర, స్టేషన్లో,
ఆమెను నలభై నిమిషాలు మంచులో నిలబెట్టేశాను.
నొక్కితే పాట మారిపోతుందని భయం.
క్షమించమని ఆమెకి చెప్పండి.
తర్వాత నొక్కాను. మంచిదయింది."

ఎలా చెప్పాలి ఆమెకి?
కార్డుని శ్రుతి పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాను,
సుత్తికీ ఉన్నిగుడ్డకీ మధ్య.

నిన్న సాయంత్రం ఉసుయి మెట్లెక్కి వచ్చాడు.
చేతిలో కొత్త కథేం లేదు,
కాగితం పొట్లంలో పొగలు కక్కే రెండు చిలగడదుంపలు.
"నేను..." అన్నాడు.
కిటికీ కింద చేపల లారీ వెనక్కి నడుస్తూ
ఒకటే స్వరం మోగిస్తోంది, కాస్త తగ్గు శ్రుతిలో.
నేను మాట అందించలేదు.
ఎంచుకోమని రెండు జవాబులు
ఎక్కడా కనపడలేదు నాకు.
దుంప తొక్క ఒలుస్తూ కూర్చున్నాను,
వేళ్ళు కాలుతున్నా.